షుగరు చూస్తున్నాం, జ్ఞాపకం ఎప్పుడు చూస్తాం? – ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

రుషికొండ, విశాఖపట్నం

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

షుగరు జబ్బు ఉన్న మనిషి ఆసుపత్రికి వెళితే కళ్లు చూపించుకోమంటారు. అరికాలికి సన్నటి దారం ఆనించి స్పర్శ తెలుస్తోందా అని అడుగుతారు. మూత్రంలో ప్రోటీను పోతోందా, క్రియాటినిన్ ఎంత, మూడు నెలల సగటు షుగరు ఎంత అని చీటీ మీద రాస్తారు. ఇవన్నీ చెయ్యాల్సిన పనులే. అయితే అరవై దాటిన ఆ మనిషికి జ్ఞాపకం ఎలా ఉంది, డబ్బు లెక్కలు మునుపటిలా చూసుకోగలుగుతున్నారా, పొద్దున ఇన్సులిన్ సూది వేసుకున్నదీ లేనిదీ గుర్తుంటోందా అని అడగడం మన దగ్గర ఇంకా ఆనవాయితీ కాలేదు. దాన్ని ఆనవాయితీ చెయ్యమని కోరడానికే ఈ ఉత్తరం.

నేను జీవరసాయన శాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకురాలిని. రుషికొండలో ఉంటాను. మా చుట్టుపక్కల ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, షిప్‌యార్డులో దశాబ్దాలపాటు ఏ, బీ, సీ షిఫ్టులు చేసి దిగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. షుగరు లేని ఇల్లు వెతికితే దొరకడం కష్టం. మతిమరుపు మొదలైన ఇళ్లూ పెరుగుతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. పెద్దతనం అంటారు, చాదస్తం అంటారు, ఊరుకుంటారు.

సంబంధం ఉంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో వేల మంది వృద్ధులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం, షుగరు ఉన్నవారికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చే ముప్పు మిగతావారికంటే దాదాపు రెట్టింపని 1999లోనే తేల్చింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అదే ధోరణి కనబడింది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను జాబితా వేసి, వాటిని సరిదిద్దగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వెయ్యడమో సాధ్యమని చెప్పింది. ఆ జాబితాలో షుగరు ఉంది. దాని తోడబుట్టినవాటిలా వెంట నడిచే బీపీ, కొలెస్ట్రాల్, స్థూలకాయం కూడా ఉన్నాయి.

మన దేశం లెక్కలు చూడండి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు జబ్బు ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. అదే ఏడాది వచ్చిన మరో జాతీయ అధ్యయనం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని అంచనా కట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఈ రెండు లెక్కల్లోనూ ఉన్న మనుషులు ఎందరో ఉంటారు. మన కార్యక్రమాల్లో మాత్రం షుగరు ఒక రిజిస్టరు, మతిమరుపు ఇంకో రిజిస్టరు.

షుగరు మెదడును ఎలా దెబ్బతీస్తుందో కొంచెం చెప్పనివ్వండి. అది తెలిస్తేనే నా మిగతా మాటలకు అర్థం ఉంటుంది. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే కంటి వెనక రక్తనాళాలు, కిడ్నీలోని సన్నటి నాళాలు పాడైనట్టే మెదడు లోతుల్లో ఉన్న నాళాలూ పాడవుతాయి. అక్కడక్కడా చిన్న చిన్న భాగాలకు రక్తం అందక చచ్చిపోతాయి. పక్షవాతంలా బయటపడదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. ఇది ఒక దారి. రెండోది ఇన్సులిన్ దారి. శరీరంలో ఇన్సులిన్‌ను ముక్కలు చేసే ఎంజైమే డిమెన్షియా రకాల్లో ముఖ్యమైన అల్జీమర్స్‌లో మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ అనే జిగట ప్రోటీనునూ ముక్కలు చేస్తుంది. ఇన్సులిన్ పని చెయ్యక ఒంట్లో దాని మోతాదు పెరిగితే ఆ ఎంజైము దానితోనే సరిపోతుందనీ, అమిలాయిడ్ పేరుకుపోవడానికి అదీ ఒక కారణం కావచ్చనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మూడోది మందుల వల్లనే వచ్చే చిక్కు: షుగరు బాగా పడిపోవడం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 16,667 మంది షుగరు రోగుల మీద జరిగి 2009లో వచ్చిన అధ్యయనంలో, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినంతగా మూడు సార్లో అంతకుమించో షుగరు పడిపోయినవారికి డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది.

ఈ మూడోది అన్నిటికంటే దుర్మార్గమైన వలయం. మతిమరుపు మొదలైన మనిషి సూది వేసుకున్న సంగతి మరచిపోయి మళ్లీ వేసుకుంటారు. లేదా సూది వేసుకుని అన్నం తినడం మరచిపోతారు. షుగరు పడిపోతుంది, చెమటలు పడతాయి, స్పృహ తప్పుతుంది. మెదడు ఇంకొంచెం దెబ్బతింటుంది. మతిమరుపు ఇంకొంచెం పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు షుగరు ఎగుడుదిగుడుగా ఉందని మోతాదు మారుస్తారు. ఎగుడుదిగుళ్లకు కారణం మరపేనని ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కొత్త కబురు వచ్చింది. అల్జీమర్స్‌ను రక్తపరీక్షతో పసిగట్టే రోజులు వచ్చేశాయి. 2025 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి మొదటి పరీక్షకు అనుమతినిచ్చింది. 55 ఏళ్లు పైబడి, మతిమరుపు లక్షణాలు ఉన్నవారికి, నిపుణుల దగ్గర వాడేందుకే ఆ అనుమతి. అంతకుముందు ఏడాది స్వీడన్‌లో 1,213 మంది మీద జరిపిన పరిశోధనలో ఇలాంటి రక్తపరీక్ష పదింట తొమ్మిదిసార్లు సరైన జవాబు చెప్పింది. అదే పనిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు 61 శాతం, డిమెన్షియా నిపుణులు 73 శాతం మాత్రమే సరిగ్గా గుర్తించారు.

ఈ పరీక్షలు కొలిచే వాటిలో ముఖ్యమైనది టౌ అనే ప్రోటీను. మెదడు కణాల పొడవాటి తంతువుల్లో సరుకు రవాణాకు పట్టాల్లాంటి గొట్టాలు ఉంటాయి. ఆ పట్టాలు జరిగిపోకుండా కింద పట్టి ఉంచే స్లీపర్ల పని టౌది. అల్జీమర్స్‌లో ఈ ప్రోటీనుకు అవసరానికి మించి ఫాస్ఫేటు అంటుకుంటుంది. అది పట్టాలు వదిలేసి చిక్కులు పడుతుంది. అందులో 217వ స్థానంలో ఫాస్ఫేటు అంటుకున్న ముక్క అతి సూక్ష్మమైన పరిమాణంలో రక్తంలోకి చేరుతుంది. దాన్నే ఇప్పుడు కొలుస్తున్నారు. దానితోపాటు అమిలాయిడ్‌నూ, నరాల తంతువులు తెగినప్పుడు విడుదలయ్యే న్యూరోఫిలమెంట్ లైట్‌నూ, మెదడులోని ఆస్ట్రోసైట్ కణాలు కలవరపడినప్పుడు పెరిగే జీఎఫ్ఏపీనీ కొలుస్తున్నారు.

ఫాస్ఫేటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే నమ్మకమైన పద్ధతి ప్రపంచానికి ఇచ్చినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతిని జీవరసాయన శాస్త్రం చదివిన మా తరమంతా ప్రయోగశాలలో చేతులారా చేసి నేర్చుకుంది. కొలవడంలో తొలి మెట్టు వేసిన గడ్డ మనది. ఈ కొత్త కొలత మన మనుషులకు సరిపోతుందో లేదో చూసుకోవడంలో మాత్రం వెనకబడకూడదు.

ఈ పరీక్షలు రావడాన్ని నేను మనసారా ఆహ్వానిస్తున్నాను. ఇప్పటిదాకా అల్జీమర్స్‌ను నిర్ధారించాలంటే పెద్ద నగరాల్లో దొరికే ఖరీదైన పెట్ స్కాన్ అయినా తియ్యాలి, వెన్నులోంచి నీరైనా తియ్యాలి. చోడవరం నుంచో బొబ్బిలి నుంచో వచ్చే ముసలమ్మకు ఆ రెండూ అందని పండ్లే. చేతినుంచి తీసే రక్తంతో పని జరిగితే అంతకంటే మేలేముంది? ఆ మేలు షుగరు ఉన్నవారికి అందాలంటే మన దగ్గర ముందుగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు కిడ్నీ. ఈ ప్రోటీన్ల మోతాదు కిడ్నీల పనితీరును బట్టి మారుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారి రక్తంలో ఫాస్ఫో టౌ, న్యూరోఫిలమెంట్ రెండూ పెరిగి కనిపిస్తాయి. మెదడులో అల్జీమర్స్ ఏమీ లేకపోయినా పెరుగుతాయి. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు మామూలు జనంలో ఈ పరీక్ష చేసి 2022లో ఈ సంగతిని స్పష్టంగా చూపించారు. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవారిలో ఎందరికో కిడ్నీలు ఎంతో కొంత దెబ్బతిని ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక మన ఉత్తరాంధ్ర సంగతి. విశాఖ ఆసుపత్రులకు రోజూ రోగులు వచ్చే శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరీక్షించినవారిలో దాదాపు 18 శాతం మందికి కిడ్నీ పనితీరు తగ్గి ఉంది. అక్కడి కొబ్బరితోటలోనో జీడితోటలోనో పనిచేసి, షుగరు కూడా తోడైన ఒక అరవై అయిదేళ్ల రైతుకు రేపు ఏదో ల్యాబులో ఈ పరీక్ష చేశారనుకోండి. అంకె ఎక్కువ వస్తుంది. నీకు అల్జీమర్స్ రాబోతోందని చీటీ చేతిలో పెడతారు. ఆ మాట విన్నాక ఆ మనిషి ఎలా నిద్రపోతాడు? పిల్లలు పొలం విషయంలో ఏ నిర్ణయాలు తీసుకుంటారు? నిజానికి చెడింది కిడ్నీ అయితే ఆ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని ఎవరు దిద్దుతారు?

దీనికి మందు లేకపోలేదు. ఫాస్ఫేటు అంటుకున్న టౌను విడిగా చూడకుండా, అంటుకోని టౌతో పోల్చి నిష్పత్తి కడితే కిడ్నీ ప్రభావం చాలావరకు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో అనుమతి పొందిన పరీక్ష కూడా ఒంటరి అంకెను నమ్ముకోలేదు, టౌకూ అమిలాయిడ్‌కూ ఉన్న నిష్పత్తినే చూస్తుంది. ఈ నిష్పత్తులు ఉద్దానం రక్తంలో ఎలా ప్రవర్తిస్తాయో ఉద్దానం రక్తంలోనే చూడాలి. స్వీడన్‌లో చూసింది ఇక్కడికి నేరుగా సరిపోతుందని అనుకోలేం.

రెండో చిక్కు నరాలది. షుగరు వల్ల పాదాల్లో తిమ్మిర్లు, మంటలు వచ్చినవారికి కాలి నరాలు దెబ్బతిని ఉంటాయి. న్యూరోఫిలమెంట్ అక్కడినుంచి కూడా రక్తంలోకి వస్తుంది. ఆ అంకె పెరిగితే తల నుంచి వచ్చిందా, కాలి నుంచి వచ్చిందా అన్నది ఆ ఒక్క పరీక్ష చెప్పలేదు. అరికాళ్ల స్పర్శ పరీక్ష చెయ్యకుండా ఈ పరీక్ష చేస్తే సగం మాటే విన్నట్టు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. షుగరు ఉన్నవారిలో వచ్చే మతిమరుపు చాలా సందర్భాల్లో అల్జీమర్స్ కాదు. చనిపోయిన తర్వాత మెదళ్లను పరీక్షించిన అధ్యయనాల్లో షుగరు ఉన్నవారిలో రక్తనాళాలు మూసుకుపోయిన మచ్చలు ఎక్కువగా కనిపించాయి. అమిలాయిడ్ ఫలకలు మాత్రం ప్రత్యేకించి పెరిగినట్టు కనిపించలేదు. అంటే టౌ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా ఆ మనిషి మెదడు క్షేమమని కాదు. పరీక్ష బాగానే ఉంది కదా అని ఇంటికి పంపిస్తే బీపీ అదుపు తప్పి, చిన్న నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతూ ఉంటాయి. కిడ్నీ చెడినవారికి లేని జబ్బు ఉందని చెప్పే ప్రమాదం ఒక వైపు, నాళాలు చెడినవారికి ఉన్న జబ్బు లేదని చెప్పే ప్రమాదం ఇంకో వైపు. రెండు ప్రమాదాల్లోనూ చిక్కుకునేది షుగరు రోగే.

మనం ఇంతగా నమ్ముకున్న మూడు నెలల సగటు షుగరు పరీక్ష కూడా అందరికీ ఒకేలా పనిచెయ్యదు. ఐరన్ తక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో తప్పు చూపిస్తుంది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ ఉంది. దశాబ్దాలుగా వాడుతున్న పరీక్షకే ఇన్ని మినహాయింపులుంటే కొత్త పరీక్షకు ఎన్ని ఉంటాయో ముందే వెతుక్కోవడం మన బాధ్యత.

ఇక చేతిలో ఉన్నవాటి మాట. షుగరుకు ముందుగా రాసే మాత్ర మెట్‌ఫార్మిన్. మంచి మందు, చవకైన మందు, కోట్ల మందిని కాపాడుతున్న మందు. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. బీ12 తగ్గితే తిమ్మిర్లు వస్తాయి, నడకలో తూలు వస్తుంది, మతి మందగిస్తుంది. పాల పదార్థాలూ మాంసాహారమూ అంతంతమాత్రంగా తినే ఇళ్లలో ఈ లోటు మరింత త్వరగా వస్తుంది. తిమ్మిర్లను షుగరు మీదికీ, మతిమరుపును వయసు మీదికీ నెట్టేస్తాం. నిజానికి వేళకు కనిపెట్టి సూదిమందో మాత్రలో ఇస్తే చాలామందిలో మెరుగుదల కనిపిస్తుంది. మతిమరుపు కారణాల్లో ఇంత తేలిగ్గా సరిదిద్దగలిగేవి కొన్నే ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం అలాంటి ఇంకొకటి.

ఇక్కడ సుబ్బారావు గారిని మళ్లీ తలచుకోవాలి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ పరిశోధక బృందానికి నాయకుడాయన. ఆ మందు కోట్ల మంది రక్తహీనతను నయం చేసింది. బీ12 లోటు ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది కానీ నరాల దెబ్బ లోలోపల సాగిపోతూనే ఉంటుందని కూడా వైద్యులకు తెలుసు. రక్తహీనతకు ఐరన్, ఫోలిక్ మాత్రలు ఇచ్చి పంపే మన కార్యక్రమాల్లో షుగరు ఉన్న పెద్దవాళ్లకు బీ12 చూడటం తప్పనిసరి కావాలని నేను అడగడానికి కారణం ఇదే.

రక్తం ఎంత చెప్పినా మనిషి చెప్పేది వినాలి. మెదడులో జబ్బు ఎంత ఉందో రక్తం చెప్పగలదేమో కానీ ఆ మనిషి జీవితం ఎలా సాగుతోందో అది చెప్పలేదు. హైదరాబాదు నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చదివింది. ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువు లేనివారిలో కూడా ఆ తేడా ఉంది. జబ్బు ఒకటే అయినా ఒకరి మెదడు దాన్ని తట్టుకుని నిలబడుతుంది, ఇంకొకరిది నిలబడలేదు. కాబట్టి అంకె పక్కన మనిషి ఉండాలి.

ఆ మనిషిని పరీక్షించడానికి మన భాషలో సాధనాలు ఉన్నాయి. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో తయారైన జ్ఞాపకశక్తి పరీక్షల సంచయం తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో సిద్ధంగా ఉంది. చదువుకున్నవారి కోసం పాశ్చాత్య దేశాల్లో రాసిన ప్రశ్నలు మనవాళ్లకు న్యాయం చెయ్యవు. వంద నుంచి ఏడేసి తీసెయ్యమంటే, గడియారం బొమ్మ గియ్యమంటే, కలం పట్టని తల్లి తడబడుతుంది. అదే తల్లి పూర్ణా మార్కెట్టులో పది రకాల కూరగాయలకు నోటితోనే లెక్క కట్టి చిల్లర ఇస్తుంది. ఆమె ఆ చిల్లర లెక్కలో ఎప్పుడు తడబడిందో కనిపెట్టగల పరీక్ష కావాలి. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో కువి, సవర భాషలు మాట్లాడేవారికీ, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారికీ వాళ్ల భాషలోనే అడగగలగాలి.

ఈ పనికి కావలసినవన్నీ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని వెన్నంటి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది. మా రుషికొండలో గీతం వైద్య కళాశాల ఉంది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. కోవిడ్ కాలంలో పరీక్షా కిట్లు తయారుచేసి దేశానికి పంపిన మెడ్‌టెక్ జోన్ ఉక్కు నగరం పక్కనే ఉంది. అన్నిటికీ మించి ఉక్కు, పోర్టు విశ్రాంత ఉద్యోగులున్నారు. వాళ్ల సంస్థల ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి జరిగిన వైద్య పరీక్షల రికార్డులున్నాయి. నలభై ఏళ్ల వయసులో ఆ మనిషి షుగరు ఎంత, బీపీ ఎంత అని చెప్పగల కాగితం ఎన్ని ఊళ్లలో దొరుకుతుంది? రాత్రి షిఫ్టులకూ షుగరుకూ సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ తర్వాతి అధ్యాయం మతిమరుపు అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల అరుదైన నగరం విశాఖ.

పక్క రాష్ట్రం ఈ దారిలో నడుస్తోంది. కర్ణాటకలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో, బెంగళూరు మెదడు పరిశోధనా కేంద్రం 45 ఏళ్లు దాటినవారిని నమోదు చేసుకుని, రక్తం తీసి, జ్ఞాపకశక్తి పరీక్షించి, ఏళ్లపాటు వెంట నడుస్తోంది. పదివేల మంది దాకా చేర్చుకోవాలన్నది వాళ్ల లక్ష్యం. నిమ్హాన్స్ సంస్థతో కలిసి 2022లో కర్ణాటక ప్రభుత్వం మెదడు ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వాళ్లు చేయగలిగింది మనమూ చేయగలం. మనకున్న ప్రత్యేకత కిడ్నీ జబ్బు. ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గరే దొరకాలి. శ్రీలంక, మధ్య అమెరికాల్లో ఉద్దానంలాంటి కిడ్నీ జబ్బుతో బాధపడే రైతులకు కూడా అది పనికొస్తుంది.

మంత్రి గారూ, నా విన్నపాలు అయిదు.

మొదటిది. షుగరు ఉండి 60 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి తెలుగులో చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష జరపాలి. 65 ఏళ్లు దాటిన షుగరు రోగులందరికీ ఏటా ఈ పరీక్ష చెయ్యాలని అమెరికా డయాబెటిస్ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవాళ్లకు షుగరు చిన్న వయసులోనే వస్తోంది కాబట్టి 60 నుంచే మొదలుపెట్టడం న్యాయం. ఇంటికి వచ్చి బీపీ, షుగరు చూసే ఏఎన్ఎం అక్కలకూ ఆశా కార్యకర్తలకూ శిక్షణ ఇస్తే పది నిమిషాల పని. దానికి తగిన భత్యం కూడా ఇవ్వండి, ఇప్పటికే వాళ్ల భుజాల మీద చాలా బరువుంది. ఇంట్లో కోడలినీ కొడుకునూ కూడా అడగాలి. మార్పును ముందుగా కనిపెట్టేది వాళ్లే.

రెండవది. ఆ పరీక్షలో తడబడినవారికి బీ12, థైరాయిడ్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు ప్రభుత్వ ల్యాబుల్లో ఉచితంగా చెయ్యాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవారికి తడబడినా తడబడకపోయినా బీ12 చూడాలి. బీపీ, వినికిడి, చూపు సరిచూడాలి. చెవి వినబడక జవాబు చెప్పలేని మనిషిని మతి పోయిందని అనుకోవడం మన ఇళ్లలో రోజూ జరిగేదే.

మూడవది. మతిమరుపు మొదలైన పెద్దలకు షుగరును మరీ కట్టడి చెయ్యమని ఒత్తిడి పెట్టకుండా, పడిపోకుండా చూడటమే ముఖ్యమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు స్పష్టమైన మార్గదర్శకాలు పంపండి. రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవాల్సిన మందులను వీలైనంత తగ్గించి, సూది వేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించేలా కుటుంబానికి నేర్పాలి.

నాలుగవది. ఉత్తరాంధ్ర కేంద్రంగా కొత్త రక్తపరీక్షల మీద ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టండి. అందులో విశాఖ వైద్య కళాశాలలు, పలాస కిడ్నీ కేంద్రం, ఉక్కు, పోర్టు ఆసుపత్రులు, మెడ్‌టెక్ జోన్ భాగస్వాములు కావాలి. కిడ్నీలు బాగున్నవారు, బాగాలేనివారు, తిమ్మిర్లు ఉన్నవారు, రక్తహీనత ఉన్నవారు, చదువుకున్నవారు, చదువుకోనివారు, మైదానం వాళ్లు, ఏజెన్సీ వాళ్లు అందరూ ఉండాలి. రక్తం తీసిన కొద్ది గంటల్లో ప్లాస్మా వేరు చేసి గడ్డకట్టించకపోతే అమిలాయిడ్ అంకెలు మారిపోతాయి. కాబట్టి పాడేరు ఘాటు దిగి వచ్చే నమూనాలకు కావలసిన శీతల ఏర్పాట్లను మొదటే చూసుకోవాలి. రక్తం ఇచ్చినవారి అనుమతి వాళ్ల భాషలో, వాళ్లకు అర్థమయ్యేలా తీసుకోవాలి. ఆ నమూనాలు ఎవరి సొంతం, ఫలితాలు వాళ్లకు ఎలా చెబుతారు అన్నది ముందే రాసుకోవాలి.

అయిదవది. ఆ అధ్యయనం ఫలితాలు వచ్చేదాకా ఈ పరీక్షలు పూర్తి ఆరోగ్య ప్యాకేజీల్లో ఒక వరుసగా చేరిపోకుండా నియమం పెట్టండి. లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష అమ్మకూడదు. డాక్టరు సలహా లేకుండా చెయ్యకూడదు. కిడ్నీ పనితీరు అంకె పక్కన లేకుండా ఫలితం ఇవ్వకూడదు. ఫలితం చెప్పేటప్పుడు కుటుంబంతో కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి. భయాన్ని అమ్ముకునే వ్యాపారం మొదలయ్యాక ఆపడం కన్నా మొదలవ్వకముందే హద్దులు గీయడం తేలిక.

ఇందులో మొదటి మూడింటికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఉన్న సిబ్బంది, ఉన్న ల్యాబులు, ఐసీఎంఆర్ సిద్ధం చేసిన తెలుగు పరీక్షలు చాలు. వాటికి ఒక ఉత్తర్వు, కొంత నిధి కావాలి. నాలుగవది పూర్తవడానికి ఏళ్లు పడుతుంది. ఈ సంవత్సరం నమోదు మొదలైతేనే ఆ ఏళ్లు ఎప్పటికైనా పూర్తవుతాయి. అయిదవదాంట్లో చెప్పిన అన్యాయం మీ సంతకంతో ఆగుతుంది.

ఈ రాష్ట్రంలో పెద్దవాళ్లు తమ జీవితమంతా పని చేసి పిల్లలను చదివించారు, ఉక్కు కరిగించారు, ఓడల్లోంచి సరుకు దింపారు, తోటలు పెంచారు. ఒంట్లో షుగరు ఎంత ఉందో తెలుసుకునే హక్కు వాళ్లకు ఇచ్చాం. తమ మతి ఎలా ఉందో, చెడుతుంటే ఎందుకు చెడుతోందో, ఏది సరిదిద్దవచ్చో వేళకు తెలుసుకునే హక్కు కూడా వాళ్లకు ఇవ్వండి. రాబోయే బడ్జెట్టులోనే దీనికి చోటు కల్పించమని, విశాఖ జిల్లాలో ముందుగా మొదలుపెట్టమని సవినయంగా, గట్టిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
రుషికొండ, విశాఖపట్నం